రెప్ప వాలితే పెళ్లీడు దాకా ఆగొద్దు

ఐడీ కార్డు ఫొటోలు తీసేటప్పుడు కొందరు పిల్లలకు ఫొటోగ్రాఫర్ పదేపదే ఒకే మాట చెప్పాల్సి వస్తుంది: "గడ్డం కిందికి దించు నాన్నా, కళ్లు పెద్దవి చెయ్యి." పిల్లాడు దించుతాడు. క్లిక్ మనే సరికి గడ్డం మళ్లీ పైకి లేచిపోతుంది. అది మొండితనం కాదు. పై రెప్ప కిందికి వాలి ఉన్న పిల్లలు తల వెనక్కి వంచి, కనుబొమలు ఎగరేసి, నుదురు ముడతలు పెట్టి, రెప్ప కింద మిగిలిన సందులోంచి చూస్తారు. గడ్డం దించితే వాళ్లకు ఎదురుగా ఉన్నది కనిపించదు.

దీన్ని డాక్టర్లు టోసిస్ అంటారు. పై రెప్పను ఎత్తడానికి లెవేటర్ అనే కండరం ఉంటుంది. కొందరిలో ఆ కండరం పుట్టుకతోనే సరిగా ఏర్పడదు. కండర తంతువులు ఉండాల్సిన చోట కొవ్వు, నారలాంటి కణజాలం ఉంటాయి. అందుకే రెప్ప పైకి సరిగా లేవదు, కిందికి చూసినప్పుడు సరిగా దిగనూ దిగదు. గ్రహణం రోజున తల్లి బయటికి రావడం వల్లనో, నలుగు పెట్టేటప్పుడు ఎవరో కన్ను నొక్కడం వల్లనో ఈ కండరం ఇలా తయారు కాదు. ఆ నింద తల్లి మీద, మంత్రసాని మీద వేయకండి.

ఇంట్లో పెద్దవాళ్లు సాధారణంగా అనే మాట, "అందం విషయమే కదా, పెళ్లీడు వచ్చాక చేయిద్దాం." ఇక్కడే రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. యాభై దాటాక రెప్ప మీది చర్మం వదులై సంచిలా వేలాడితే, ఆ అదనపు చర్మాన్ని తీసే ఆపరేషన్‌ను బ్లెఫరోప్లాస్టీ అంటారు. చూపుకు అడ్డు లేనంత వరకు దానికి తొందర లేదు, ఇష్టమైతే చేయించుకోవచ్చు, లేకపోతే లేదు. పిల్లల సంగతి అలా కాదు. పుట్టిన పిల్లకు కన్ను ఉంటుంది కానీ చూడటాన్ని మెదడు నేర్చుకోవాలి. ఆ నేర్చుకోవడం చాలావరకు ఏడెనిమిదేళ్ల లోపే జరుగుతుంది. వాలిన రెప్ప కంటిపాపను కప్పేసినా, లేదా దాని బరువుకు నల్లగుడ్డు వంపు మారి సిలిండర్ పవర్ వచ్చినా, మెదడు ఆ కంటి నుంచి వచ్చే మసక బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది. దీన్నే మందదృష్టి అంటారు, లేజీ ఐ అన్నా ఇదే. ఇరవై ఏళ్లకు ఆపరేషన్ చేయిస్తే ముఖం చక్కగా అవుతుంది. పోయిన చూపు మాత్రం చాలామందికి రాదు.

అలాగని రెప్ప కొంచెం వాలిన ప్రతి పిల్లకూ వెంటనే కత్తి పెట్టరు. కంటిపాప స్పష్టంగా కనిపిస్తూ, రెండు కళ్లూ సమానంగా చూస్తుంటే, అవసరమైన కళ్లద్దాలు ఇచ్చి, కొన్ని నెలలకొకసారి పరీక్షిస్తూ సాధారణంగా 3 నుంచి 5 ఏళ్ల మధ్య ఆపరేషన్ చేస్తారు. పాప పూర్తిగా మూసుకుపోతుంటే ఏడాది నిండని బిడ్డకైనా చేస్తారు. అప్పుడు వేసవి సెలవుల కోసం, యూనిట్ టెస్టులు అయ్యేదాకా ఆగడం సరికాదు.

ఇంట్లో చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక కంటిని పెద్దవాళ్ల అరచేతితో మూసి, రెండో కంటితో క్యాలెండర్‌లో అంకెలు చదివించండి. పిల్లల చేతినే అడ్డం పెట్టుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూసేస్తారు, ఆ విద్యలో అందరూ ఫస్ట్ ర్యాంకే. రెండు కళ్లతో గడగడా చదివే పిల్ల ఒక కంటితో తడబడితే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పుట్టుకతో లేకుండా కొత్తగా వాలిన రెప్ప వేరే రకం. రెండు కంటిపాపలూ వేర్వేరు సైజుల్లో కనిపించడం, ఒకటి రెండుగా కనిపించడం, తలనొప్పి, ఉదయం బాగుండి సాయంత్రానికి ఎక్కువగా వాలడం నరాల జబ్బుకో కండరాల జబ్బుకో గుర్తులు కావచ్చు. వీటికి అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగకండి. ఇంకో వింత రకం ఉంది. నమిలినప్పుడో పాలు చీకినప్పుడో వాలిన రెప్ప టక్కున పైకి ఎగురుతుంది. 1883లో మార్కస్ గన్ అనే కంటి వైద్యుడు దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇలాంటిది గమనిస్తే ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి, ఆపరేషన్ పద్ధతి దాన్ని బట్టి మారుతుంది.

ఆపరేషన్‌కు ముందు

కంటి డాక్టర్లలో రెప్పల ఆపరేషన్లకు ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్లను ఆక్యులోప్లాస్టీ సర్జన్లు అంటారు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ విభాగం ఉంది. మీ దగ్గరి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలోనూ అడగండి. డాక్టర్ మొదట స్కేలుతో కొలతలు తీసుకుంటారు. కంటిపాప మధ్య నుంచి రెప్ప అంచు దాకా మామూలుగా 4 మిల్లీమీటర్లు ఉంటుంది. కనుబొమను కదలకుండా పట్టుకుని పిల్లను కిందికీ పైకీ చూడమని, రెప్ప ఎంత దూరం కదిలిందో కొలుస్తారు. కదలిక ఓ మోస్తరుగా ఉంటే ఉన్న కండరాన్నే కొంత కుదించి కుడతారు. 4 మిల్లీమీటర్లు కూడా లేకపోతే రెప్పను నుదుటి కండరానికి సిలికాన్ దారంతోనో, పిల్ల తొడ నుంచి తీసిన పొరతోనో ఊయలలా కడతారు. తొడ పొర తీయాలంటే పిల్ల కాస్త ఎదగాలి, మూడు నాలుగేళ్లయినా ఉండాలి. "రెండోసారి చేయాల్సి వస్తుందా?" అని తప్పక అడగండి. కొందరికి రావచ్చు అని నిజం చెప్పే డాక్టర్‌నే నేనైతే నమ్ముతాను.

చిన్నపిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు కాబట్టి కడుపు ఖాళీగా ఉండాలి. అన్నం, టిఫిన్, డబ్బా పాలు, ఆవు పాలు 6 గంటల ముందే ఆపాలి. తల్లిపాలైతే 4 గంటలు, మంచినీళ్లు 2 గంటలు. మీ ఆసుపత్రి వేరే సమయం చెబితే అదే పాటించండి. ఏడుస్తోంది కదా, గుక్కెడు పాలే కదా అని నానమ్మ పట్టేస్తే, మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకుండా చెప్పండి, వాయిదా పడినా ఫర్వాలేదు. బీమా ఉందనుకునే వాళ్లు పాలసీ చదువుకోండి. అందం కోసం చేసే ఆపరేషన్లకు చాలా కంపెనీలు డబ్బు ఇవ్వవు, పుట్టుకతో పైకి కనిపించే లోపాల మీదా షరతులుంటాయి. రెప్ప చూపుకు అడ్డమవుతోందని డాక్టర్ కొలతలతో సహా రాసి ఇస్తే కొంత ఉపయోగం.

ఇంటికి వచ్చాక

మొదటి రోజుల్లో రెప్ప వాచి, చుట్టూ నీలంగా కమిలి ఉంటుంది. చాలావరకు రెండు వారాల్లో తగ్గుతుంది. డాక్టర్ సరేనంటే మొదటి రెండు రోజులు శుభ్రమైన చల్లని గుడ్డ మెల్లగా ఆనించండి, ఐసు ముక్క నేరుగా పెట్టకండి.

ఇంట్లో అందరినీ భయపెట్టేది మొదటి రాత్రి. పిల్ల నిద్రలో కన్ను కొంచెం తెరుచుకునే ఉంటుంది. ఎత్తి కట్టిన రెప్ప పూర్తిగా మూసుకోదు, ఆపరేషన్ విఫలమైందని కాదు. అయితే తెరిచి ఉన్న నల్లగుడ్డు ఎండిపోతే పుండు పడుతుంది. అందుకే పడుకునే ముందు ఆయింట్‌మెంట్, పగలు చుక్కలు. వారాలు, ఒక్కోసారి నెలల పాటు వేయాలి. ఈ మొత్తంలో తల్లిదండ్రులు ఏమాత్రం అశ్రద్ధ చేయకూడనిది ఇదే. కాటుక పూర్తిగా బంద్. విపరీతమైన నొప్పి, చూపు తగ్గడం, రక్తం ఆగకపోవడం, చీము, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.

ఒకటి రెండు వారాల్లో చాలామంది బడికి రావచ్చు. పీఈటీ పీరియడ్, ఈత, దుమ్ములో ఆటలకు ఎప్పటిదాకా దూరమో డాక్టర్ చేత చీటీ రాయించి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. నోట్‌బుక్ మీదికి వంగి రాసేటప్పుడు ఆ రెప్ప పైనే ఉండిపోయి తెల్లగుడ్డు కనిపిస్తుంది. పక్క బెంచీ పిల్లలు నవ్వే అవకాశం ఉంది. ముందే మాకు చెబితే క్లాసులో మాట్లాడతాం.

రెప్ప లేచినంత మాత్రాన మందదృష్టి తగ్గదు. బాగా కనిపించే కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ అంటించి, బలహీనమైన కంటికి పని చెప్పాలి. డాక్టర్ రాసిన గంటల్లో బడిలో ఎన్ని, ఇంట్లో ఎన్ని అనేది డైరీలో రాసి పంపండి. ప్యాచ్ ఉన్నంత సేపు పిల్లను ముందు బెంచీలో కూర్చోబెడతాం. బ్యాగ్‌లో రెండు ప్యాచ్‌లు అదనంగా పెట్టండి, లంచ్ టైమ్‌లో ఒకటైనా ఊడిపోతుంది.