ఊటనీటికి కాపలా ఎక్కడ?

వాననీటిలో కొంత వాగులలో కలుస్తుంది. కొంత ఆవిరి అవుతుంది. మిగిలినది నేలలోనికి ఇంకుతుంది. ఇంకిన నీరు ఇసుక, రాతిపొరల సందుల గుండా మెల్లగా దిగి, నీటిని చొరనీయని పొర తగిలినచోట ఆగుతుంది. ఆ పొర వాలు వెంట సాగి, ఎక్కడో కొండపక్కన బయటపడుతుంది. అదే ఊట. దారిలో రాళ్లనుండి కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీటిలో కరుగుతాయి. మట్టి రేణువులు, సూక్ష్మజీవులు చాలావరకు పొరలలోనే నిలిచిపోతాయి. అందుచేత ఊటనీరు తేటగా ఉంటుంది.

అయితే తేటనీరంతా మంచినీరేనా? ఈ ప్రశ్న ఫ్రాన్సులో ఒక కంపెనీకి ఎదురయింది.

ఈశాన్య ఫ్రాన్సులో విట్టెల్ అనే ఊరు కలదు. 1854లో లూయీ బులూమియే అనే న్యాయవాది అక్కడి ఊటను కొన్నాడు. తరువాత ఆ నీరు సీసాలలో దేశదేశాలకు అమ్ముడవుతూ వచ్చింది. 1980ల నాటికి అందులో నైట్రేటులు పెరుగుతున్నట్లు పరీక్షలలో తేలింది.

కారణం ఊటవద్ద లేదు, పైనున్న పొలాలలో ఉన్నది. రైతులు పచ్చిక బయళ్లను దున్ని, పశువుల మేతకై మొక్కజొన్న వేశారు. ఎరువులు ఎక్కువగా వాడారు. కోత అయిన పిదప చలికాలమంతా నేల బోసిగా ఉంటుంది. పీల్చుకొనే వేళ్లు లేనందున మిగిలిన నైట్రేటు వానతోపాటు క్రిందికి దిగుతుంది. నైట్రేటు అయానుకు ఋణావేశం ఉన్నది. బంకమట్టి రేణువులకూ ఋణావేశమే. కాబట్టి మట్టి దానిని పట్టి ఉంచలేదు. నీటిలో పూర్తిగా కరిగినదానిని ఇసుక వడకట్టలేదు. మరిగించినా పోదు, నీరు ఆవిరైనకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. పసిబిడ్డల శరీరంలో ఇది నైట్రైటుగా మారి, రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది.

నీటిని శుద్ధిచేసి అమ్మరాదా? సహజ ఖనిజజలమని పేరు పెట్టిన నీటిని క్రిమిరహితం చేయుటకు అక్కడి చట్టం ఒప్పదు. ఇనుము వంటి కొన్ని పదార్థాలను తొలగించుటకు మాత్రమే అనుమతి ఉన్నది. కాబట్టి నీటిని కాక నేలనే బాగుచేయవలసి వచ్చింది. ఫ్రెంచి వ్యవసాయ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు రైతులతో కలిసి మార్గం వెదకారు. 1992లో విట్టెల్ నెస్లే కంపెనీ చేతికి వచ్చింది. ఆ ఏటనే రైతులతో వ్యవహరించుటకు ఒక అనుబంధ సంస్థ ఏర్పడింది. మొక్కజొన్న మాని గడ్డి, లూసర్ను పెంచుట, పురుగుమందులు మానుట, పేడను కంపోస్టుగా మార్చి వాడుట షరతులు. ప్రతిఫలంగా రైతులకు డబ్బు, ఉచితంగా సాగుభూమి లభించాయి. ఒప్పందాల గడువు 18 లేక 30 ఏండ్లు. ఇంత దీర్ఘకాలం ఎందుకు? నేడు ఇంకిన నీరు ఊటకు చేరుటకు ఏండ్లు పడుతుంది.

ఈ కథకు మరొక ముఖం కూడా ఉన్నది. విట్టెల్‌తో సహా తన ఖనిజజలాలు కొన్నింటికి అతినీలలోహిత కిరణాలు, బొగ్గు వడపోత వంటి నిషిద్ధ పద్ధతులు వాడినట్లు 2024లో నెస్లే ఒప్పుకొన్నది. ఆ ఏడే 20 లక్షల యూరోలు జరిమానా చెల్లించుటకు అంగీకరించింది. నేలను కాపాడుట ఎంత అవసరమో, సీసాపై వ్రాసిన మాటను నిలబెట్టుకొనుట కూడా అంతే అవసరం.

మన దేశ ప్రమాణం ప్రకారం త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మీ పాఠశాల బావికి ఎగువన ఏమున్నది? పెంటకుప్పా, మరుగుదొడ్డి గుంటా, ఎరువు చల్లిన చేనా? విద్యార్థులతో కలిసి ఒకసారి నడచి చూడండి. బావికి కాపలా ఆ వాలుమీదనే మొదలు కావాలి.