లేత్ దగ్గర కర్ర పొడి – ఊపిరితిత్తులకు రక్షణ

మంచం కోళ్లు, మెట్ల కమ్మీలు, చపాతీ కర్రలు, పిల్లల బొంగరాలు – ఇవన్నీ లేత్ మీద తిరుగుతూ తయారయ్యేవే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకకు పేరు తెచ్చింది ఈ పనే. అక్కడి అంకుడు కర్ర లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మన పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలోనూ పనస, మామిడి, టేకు కర్రతో పనిచేసే వడ్రంగి కుటుంబాలు ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో లెక్కలేనన్ని కొబ్బరి, జీడి, పనస చెట్లు కూలిపోయాయి. చెట్టు కోత నుండి నునుపు పని వరకు ప్రతి దశలోనూ పొడి లేస్తుంది. అది ఆరోగ్యానికి ఏం చేస్తుందో, దాన్ని ఎలా అదుపు చేయాలో తెలుసుకుందాం.

కనిపించని పొడే ప్రమాదం

పదునైన ఉలితో చెక్కితే వచ్చేది పెద్ద పొట్టు. అది కింద పడిపోతుంది, ఊడ్చేస్తాం. తిరుగుతున్న కర్రకు గరుకు కాగితం పట్టినప్పుడు వచ్చే సన్నని ధూళి అలా పడదు, చాలాసేపు గాలిలోనే తేలుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల కన్నా పెద్ద కణాలను చాలావరకు ముక్కు ఆపుతుంది. అంతకన్నా చిన్నవి లోపలికి పోతాయి. మరీ సన్ననివి ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల వరకు చేరతాయి.

దీనివల్ల తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ల మంట, దగ్గు, ఉబ్బసం వస్తాయి. టేకు, ఇరుగుడు పొడి కొందరికి చర్మంపై దురద, దద్దుర్లు తెస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కు లోపల క్యాన్సర్ వచ్చే అవకాశమూ ఉంది. ఇంగ్లండులో కుర్చీలు, బల్లలు తయారుచేసే పనివారిలో ఈ క్యాన్సర్ ఎక్కువగా ఉందని 1960లలో వైద్యులు గమనించారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కర్ర పొడిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

పుట్టిన చోటే పట్టాలి

దీపాన్ని దూరం నుండి ఊది ఆర్పగలం గాని, పీల్చి ఆర్పలేం. ధూళిని లాగే గొట్టం సంగతీ అంతే. 4 అంగుళాల గొట్టం మూతికి 4 అంగుళాల దూరంలోనే గాలి వేగం సుమారు పదో వంతుకు పడిపోతుంది. కాబట్టి గొట్టం మూతి ధూళికి ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు.

1. గొట్టం మూతికి వెడల్పాటి రేకు డొప్ప అమర్చి, కర్రకు వెనుక వైపున, కొంచెం దిగువగా పెట్టండి. ఉలి పని చేసేటప్పుడు వెనక్కి జరిపి, గరుకు కాగితం పట్టేటప్పుడు దగ్గరకు తెచ్చుకునేలా ఉండాలి. అది తిరిగే కర్రకు తగలకూడదు.

2. ఒక లేత్‌కు 1 లేదా 2 హార్స్‌పవర్ ధూళి లాగే బ్లోయరు వాడవచ్చు. గొట్టం 4 అంగుళాల కన్నా సన్నగా ఉండకూడదు, 6 అంగుళాలదైతే ఇంకా మంచిది.

3. గొట్టం పొట్టిగా, తిన్నగా ఉండాలి. వంపు తప్పనిసరైతే ఒక్కసారిగా కాకుండా మెల్లగా తిప్పండి.

4. బ్లోయరుకు ముందు మూత ఉన్న పీపా అమర్చితే పెద్ద పొట్టు అందులో పడుతుంది. బ్లోయరు రెక్కలు పాడవవు.

5. మామూలు గుడ్డ సంచి సన్నని ధూళిని ఆపదు, తిరిగి గదిలోకే వదులుతుంది. సంచిని షెడ్డు బయట పెట్టండి. అది పక్కింటి వైపు, బావి వైపు ఉండకూడదు.

6. మోటారుకు ఎర్తు వేయించండి. పీపాను రోజూ ఖాళీ చేయండి. పొడికి నిప్పు త్వరగా అంటుకుంటుంది, అక్కడ చుట్ట, బీడీ పనికిరావు.

ఖర్చు పెట్టలేనివారు

షెడ్డు రెండు వైపులా తెరిచి, గాలి మీకు పక్క నుండి వచ్చేలా నిలబడండి. గాలి వీపు మీద కొడితే ముఖం ముందు సుడి తిరిగి ధూళి అక్కడే ఉండిపోతుంది. ఉలి బాగా పదును పెట్టుకుంటే గరుకు కాగితం పని తగ్గుతుంది. ముఖానికి కట్టుకునే తువ్వాలు సన్నని ధూళిని ఆపదు. ముఖానికి బిగుతుగా ఆనే ఎన్-95 మాస్కు వాడండి. నేలను తడిపి ఊడ్వండి. పని బట్టలు మార్చుకుని, ముఖం, చేతులు కడుక్కున్నాకే పిల్లలను ఎత్తుకోండి.

డాక్టరు గారికి ఎప్పుడు చూపించాలి?

• పని రోజుల్లో ఆయాసం, పిల్లికూతలు ఎక్కువై, సెలవు రోజున తగ్గుతుంటే – అది పని వల్ల వచ్చిన ఉబ్బసం కావచ్చు.
• రెండు వారాలు దాటిన దగ్గు – పొడి వల్లేనని ఊరుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయకు కళ్లె పరీక్ష ఉచితం.
• ఒకే వైపు ముక్కు మూసుకుపోవడం, తరచూ రక్తం రావడం – ఆలస్యం చేయవద్దు.

మీరు చేసే పని ఏమిటో డాక్టరు గారికి తప్పక చెప్పండి. ఇంకో మాట: ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంత ఉందో మనందరికీ తెలుసు. నడుము నొప్పి, ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొనే నొప్పి మాత్రలు మూత్రపిండాలకు హాని చేస్తాయి. సలహా లేకుండా మింగవద్దు.

ఈ రాత్రే ఒక పరీక్ష చేయండి. పని ముగిశాక దీపాలు ఆర్పి, షెడ్డులో టార్చిలైటు వేయండి. వెలుగులో తేలే ధూళి ఎంతో మీకే కనిపిస్తుంది. గొట్టం అమర్చాక మళ్లీ వేసి చూసుకోండి.