మీకు తెలుసా? ఎక్కీ ఎక్కగానే దిగే విమానం
స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్‌రే, పాపా వెస్ట్‌రే అనే రెండు చిన్న విమానాశ్రయాలున్నాయి. వాటి మధ్య దూరం సుమారు 2.7 కిలోమీటర్లే! మన శంషాబాద్‌లోని ప్రధాన రన్‌వే పొడవే 4.26 కిలోమీటర్లు. అంటే ఆ ప్రయాణం మొత్తం మన రన్‌వే మీదే ఇమిడిపోతుంది, ఇంకా చోటు మిగులుతుంది.

ప్రపంచంలోకెల్లా అతి చిన్న రెగ్యులర్ విమాన సర్వీసు ఇదే. లోగన్‌ఎయిర్ సంస్థ 1967 నుంచి దీన్ని నడుపుతోంది. టైంటేబుల్లో రాసేది రెండు నిమిషాలు. అనుకూలమైన గాలి వీస్తే ఇంకా ముందే దిగిపోతారు. రికార్డు 53 సెకన్లు! పైలట్ వెనకే కూర్చునేంత చిన్న ఐలాండర్ విమానం, అందులో పట్టేది ఎనిమిదిమంది ప్రయాణికులే.

ఇదేదో సరదా కోసం పెట్టిన సర్వీసు కాదు. పాపా వెస్ట్‌రేలో ఉండేది వందలోపు జనం. టీచర్లు, డాక్టర్లు ఈ విమానంలోనే వచ్చిపోతుంటారు. ఆ దీవిలో ఐదు వేల ఏళ్లకు పైబడిన రాతి ఇళ్లున్నాయి, పేరు నాప్ ఆఫ్ హోవర్. వాటిని చూడాలనుకునే పర్యాటకులకూ ఇదే దగ్గరి దారి.