నేల టికెట్టు, బాల్కనీ మెట్లు: సినిమా హాలు కట్టడంలో కులం

పాత సినిమా హాళ్ల గురించి రాసేవాళ్లు వాటి ముఖద్వారం గురించి, పెద్ద మెట్ల గురించి, మడతలు మడతలుగా పైకి లేచే పరదా గురించి రాస్తారు. ఆ మెట్లు ఎవరి కోసం కట్టినారో రాయరు. నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి ఊళ్లలో హాలు లోపలి కట్టడం చూస్తే మన సమాజం కట్టడమూ కనపడుతుంది.

ఊళ్లో నాటకం ఆడితే కూర్చునే చోటే కులం చెప్పేది. పెద్ద కులాలవాళ్లు ముందు, మంచాల మీద, కుర్చీల మీద. మాలమాదిగలు వెనక, దూరంగా, నిలబడి. 1921లో విజయవాడలో మారుతి సినిమా హాలు వెలిసింది. తర్వాత చిన్న ఊళ్లకు టూరింగు టాకీసులు, ఆ వెనక పక్కా హాళ్లు వచ్చినాయి. ఇక్కడ టికెట్ల కిటికీ దగ్గర అడిగింది కులం కాదు, డబ్బులు. ఇది చిన్న మార్పేమీ కాదు. చేతిలో నాలుగు అణాలుంటే కూలిమనిషి కూడా తన ఆసామితో పాటు ఒకే కప్పు కింద, ఒకే బొమ్మ చూడొచ్చు.

అయితే ఒకే కప్పు అంటే ఒకే చోటు కాదు. నాటకంలో ముందు వరస గొప్పది. సినిమాలో తెరకు దగ్గరగా కూర్చుంటే మెడ నొప్పి, వంకర బొమ్మ, తెర వెనక స్పీకర్ల హోరు. అందుకే ముందుభాగం నేల అయింది. దాని వెనక బెంచి, ఆ వెనక కుర్చీ, పైన ప్రొజెక్టరు గదికి దగ్గరగా బాల్కనీ. మనవాళ్లు ముందుకొచ్చినారు, పెద్దరికం వెనక్కి, పైకి జరిగింది. తరగతికో కిటికీ, తరగతికో తలుపు, మధ్యలో పొట్టి గోడ. నేలవాళ్లు పక్కసందులో ఇనుప కటకటాల మధ్య తోసుకుంటూ పోవాల. బాల్కనీవాళ్లు మెట్లెక్కి తీరుబడిగా పోతారు. 1938లో వచ్చిన ‘మాలపిల్ల’ తెర మీద గుడి ప్రవేశం గురించి మాట్లాడింది. తెర ముందరి గోడ మాత్రం అట్లనే ఉండింది.

వినోదశాలల్లో కులవివక్షను రాజ్యాంగం 15(2) అధికరణం నిషేధించింది. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం దాన్ని శిక్షించదగిన నేరం చేసింది. 1976లో ఆ చట్టమే పౌరహక్కుల రక్షణ చట్టం అయింది. కానీ చట్టం చూసింది బయటి తలుపును. లోపలి గోడ ధర పేరుతో లేచింది గనక దాన్ని పట్టుకోలేకపోయింది.

మరి దళితుడు చదువుకొని, సమానంగా పక్కన వచ్చి కూర్చుంటే? నంద్యాల మీదుగా పోయే రైలుదారి తూర్పున గుంటూరు చేరుతుంది. అప్పటి గుంటూరు జిల్లాలోదే చుండూరు. 1991 జూలైలో అక్కడ సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. ఆ తగాదా సాంఘిక బహిష్కరణ దాకా, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్య దాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులని వదిలేసింది. కాలు తగలడం సాకు మాత్రమే. తలెత్తుకొని కూర్చోవడాన్నే వాళ్లు ఓర్వలేకపోయినారు.

పాత హాళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. కూల్చేలోపే మన పేటల్లో ముసలివాళ్లను అడగాల: ఏ తలుపున పోయినారు, యాడ కూర్చున్నారు, మొదటిసారి కుర్చీ టికెట్టు కొన్నప్పుడు పక్కవాడు ఏమన్నాడు? ఆ జవాబులు రాసిపెట్టుకోకపోతే హాళ్ల చరిత్రలో మెట్లు, పరదాలే మిగులుతాయి.