‘ఎవ్రీబడీ’ పక్కన ‘హ్యావ్’ ఎందుకు రాదు?

ఎవ్రీబడీ అంటే అందరూ కదా, మరి ‘ఎవ్రీబడీ హ్యావ్’ అంటే తప్పెందుకైంది? తెలుగు పిల్లలు అడిగే ఈ ప్రశ్నలో తెలివితక్కువతనం ఏమీ లేదు. ‘అందరూ వచ్చారు’ అని బహువచనంలో మాట్లాడే నోటికి ‘హ్యావ్’ రావడం సహజమే.

అసలు సంగతి ఆ మాట చివర్లో ఉంది. బడీ అంటే ఒక మనిషి, వన్ అంటే ఒక్కరు, థింగ్ అంటే ఒక వస్తువు. ముందున్న ఎవ్రీ వాళ్లను గుంపు చెయ్యదు, ఒక్కొక్కరినే లెక్కపెడుతుంది. తెలుగులో దీనికి దగ్గరిది ‘అందరూ’ కాదు, ‘ప్రతివాడూ’. ‘ప్రతివాడూ సలహా ఇచ్చేవాడే’ అన్నప్పుడు ఊరంతా కళ్లముందు మెదిలినా మాట మాత్రం ఏకవచనమే. ఎవ్రీ, సమ్, ఎనీ, నో అనే నాలుగింటికి వన్, బడీ, థింగ్ చేరిస్తే పన్నెండు మాటలు వస్తాయి. పన్నెండింటికీ ఏకవచన క్రియే. ఈచ్ కూడా అంతే. ‘ఈచ్ ఆఫ్ ద బాయ్స్’ అన్నప్పుడు పక్కనున్న బాయ్స్ మనల్ని ‘హ్యావ్’ వైపు లాగుతుంది గానీ, క్రియ ఈచ్‌ మాటే వినాలి: ‘హ్యాజ్’.

సమ్, ఆల్, మోస్ట్ విడిగా వస్తే వెనకున్న నామవాచకాన్ని చూడాలి. పాలైతే ‘సమ్ ఆఫ్ ద మిల్క్ ఈజ్’, మామిడిపళ్లైతే ‘సమ్ ఆఫ్ ద మ్యాంగోస్ ఆర్’. నన్ దగ్గర మాత్రం కొందరు మాస్టార్లు పట్టుబడతారు, ఏకవచనమే రాయాలని. ‘నన్ ఆఫ్ దెమ్ ఆర్’ అని ఇంగ్లిష్ వాళ్లు శతాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. నా మటుకు మార్కులు తగ్గించాల్సిన తప్పు కాదది.

క్రియ ఏకవచనమైతే మరి ‘సమ్‌వన్ హ్యాజ్ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా’లో దెయిర్ ఎలా వచ్చింది? మనిషి ఒక్కరే, ఆడో మగో తెలియదు. అలాంటప్పుడు దే వాడటం ఇంగ్లిష్‌లో 14వ శతాబ్దం నుంచీ ఉంది. 18వ శతాబ్దపు వ్యాకర్తలు ‘హి’నే వాడమన్నారు, బళ్లు చాలాకాలం ఆ మాటే పట్టుకున్నాయి. పరిశోధన వ్యాసాలకు ప్రమాణంగా చూసే ఏపీఏ శైలి గ్రంథం 2019లో వచ్చిన ఏడో కూర్పులో ‘దే’నే సమర్థించింది. మనకిది వింతేం కాదు. తలుపు తట్టింది ఒక్కరే అయినా ‘ఎవరో వచ్చారు’ అనే కదా అంటాం!

ఎక్కువ మంది జారేది ‘ఎవరూ రాలేదు’ దగ్గర. ఎవరూకి ఎనీబడీ, రాలేదుకి డిడ్‌నాట్ కమ్ పెట్టి ‘ఎనీబడీ డిడ్‌నాట్ కమ్’ అనేస్తారు. తెలుగు వాక్యంలో ‘లేదు’ చివర వస్తుంది, వినేవాడు దానికోసం కాచుకుని ఉంటాడు. ఇంగ్లిష్ వినేవాడికి ఆ అలవాటు లేదు. వాక్యం మొదట్లోనే ఎనీబడీ వినబడితే ‘ఎవరైనా సరే’ అనుకుంటాడు, ఆ తర్వాత వచ్చే నాట్‌తో తికమకపడతాడు. కాబట్టి కాదనే మాట ముందు, ఎనీ దాని తర్వాత. ‘ఐ డిడ్‌నాట్ సీ ఎనీబడీ’ సరైనదే, ఎందుకంటే అక్కడ నాట్ ముందే వచ్చేసింది. కర్త స్థానంలోనే లేమి చెప్పాలంటే నోబడీ: ‘నోబడీ కేమ్’. ఇందులో ‘లేదు’ ఆ మాటలోనే ఇమిడి ఉంది, మళ్లీ నాట్ అక్కర్లేదు.

ప్రశ్నల్లో ఎనీ వాడాలని బళ్లో చెబుతారు. మామూలుగా నిజమే. కానీ ఇంటికొచ్చినవాళ్లను ‘వుడ్ యూ లైక్ సమ్ కాఫీ?’ అనే అడుగుతారు. సమ్‌లో, ఔనంటారన్న ఎదురుచూపు ఉంటుంది. ‘కొంచెం కాఫీ తాగుతారా?’కీ ‘కాఫీ ఏమైనా తాగుతారా?’కీ ఉన్నంత తేడా అది. రెండో రకంగా అడిగితే మొహమాటమున్న చుట్టం వద్దనే అంటాడు.