ఇంటిలోని చిన్న ప్రసార కేంద్రము

షేక్‌పేట వంటి అపార్టుమెంట్ల పేటలలో తరచు వినవచ్చు ఫిర్యాదు ఇది: బ్రాడ్‌బ్యాండునకు నెలనెలా సొమ్ము చెల్లించుచున్నను, లోపలి గదిలోని కంప్యూటరుపై పిల్లవాని పాఠము నడుమ నిలిచిపోవును, అమెరికాలోని కుమార్తె మాట తెగిపోవును. లోపమెచ్చట?

వీధినుండి ఇంటివరకు సమాచారమును మోయునది వెండ్రుకవలె సన్నని గాజుపోగులోని వెలుగు. గోడనున్న పెట్టె ఆ వెలుగును విద్యుత్సంకేతముగా మార్చును. అటుపై వైఫై అనునది రేడియోయే. మీడియం వేవ్ తరంగము వందల మీటర్ల పొడవు, వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగము సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగము 6 సెంటీమీటర్లు మాత్రమే. కాంక్రీటు గోడ, ఇనుప బీరువా వీనిని సులభముగా అడ్డగించును. పైగా 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో నొకటి కలియని చానళ్లు సాధారణముగా మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఫ్లాట్లన్నియు వీనినే పంచుకొనవలెను. ఒకే తరంగముపై రెండు స్టేషన్లు పలికినచో ఏమగునో రేడియో శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు.

కనుక మేము సూచించు క్రమమిది. మొదట కంప్యూటరును రౌటరునకు తీగతో కలిపి వేగము పరీక్షింపుడు. అచ్చటనే తగ్గినచో కంపెనీవారికి తెలుపుడు. అచ్చట సరిగా నుండి గదిలో తగ్గినచో లోపము ఇంటిలోనిదే. రౌటరును టీవీ వెనుకనుండి తీసి ఇంటి నడుమ, ఎత్తున నుంచుడు. దగ్గరి గదులకు 5 గిగాహెర్ట్జ్ వాడుడు. కదలని కంప్యూటరునకు తీగయే మేలు. తగిన తీగ 100 మీటర్ల వరకు పనిచేయును.

చివరగా, పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును ఆ దినముననే మార్చుడు. లేనిచో పరులు మీ లైనులో ప్రవేశింపవచ్చును. వారు చేసిన పనికి మొదట సమాధానము చెప్పవలసినవారు మీరే.