గొంతుముడి

మా వారి శిష్యుడు పదునేడేండ్ల బాలుడొకడు వేసవియందును మెడకు కండువా చుట్టుకొని మా యింటికి వచ్చుచుండెను. కారణమడుగగా, "తోడివారు నా గొంతుముడిని చూచి నవ్వుచున్నారు, దీనిని కోయించుకొందును, అమ్మగారూ" యని కంట తడి పెట్టెను.

సోదరీమణులారా! అట్టి శస్త్రచికిత్స నిజముగనే కలదు. యౌవనారంభమున మగపిల్లల స్వరపేటిక పెరుగును. దాని ముందరి మృదులాస్థి పలకలు రెండును పురుషులలో ఇంచుమించు 90 డిగ్రీల కోణమున కలియుటచే ముడి పొడుచుకొనివచ్చును. స్త్రీలలో ఆ కోణము 120 డిగ్రీలు గనుక మెడ నునుపుగా నుండును. అందముకొరకు ఈ ముడిని తగ్గించు విధమును వుల్ఫర్ట్, ప్యారీ యను వైద్యులు 1975లో వైద్యపత్రికయందు వివరించిరి. గడ్డము క్రిందనో, మెడముడుతలోనో చిన్నగాటు పెట్టి మృదులాస్థి పైయంచును చెక్కుదురు.

ఇంతవరకు సులభమే. కాని స్వరతంత్రులు ఆ పలకల వెనుకప్రక్కనే అంటుకొనియుండును. మితిమీరి చెక్కినచో ఆ పట్టు సడలి గొంతు మారిపోవును; మారిన గొంతును సరిచేయుట కష్టము. ఈ బాలుడో, పద్యము చదివినచో వీధిన పోవువారు నిలిచి విందురు! ఆ సంగతి చెప్పగా వాడు చాలసేపు మాటాడలేదు.

పెరుగుదల ముగిసిన పిదప, అప్పటికిని కోరిక తీరనిచో, వాని తల్లితో కూడ నిపుణుడగు వైద్యునియొద్దకు మేమే తోడువత్తుమని మాట యిచ్చితిమి. కండువా మాత్రము ఇంకను తీయలేదు.